పెరట్లో పూల్, పూల్ నిండా నాచు

ఏప్రిల్ మొదలుకొని మృగశిర కార్తె దాకా వాతావరణ వార్తల్లో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం పేర్లు వినపడని రోజు అరుదు. 45 డిగ్రీలు దాటే ఎండలు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఒకప్పుడు ఈ వేడికి విరుగుడు మున్నేరు, కిన్నెరసాని, గోదావరి రేవులు, ఊరి బయటి దిగుడు బావులు. బావుల స్థానంలో బోర్లు వచ్చాయి. ఏటిలో ఇసుక తోడిన గుంతలు ఎక్కడున్నాయో తెలియక పిల్లల్ని ఒంటరిగా పంపే ధైర్యం పోయింది. ఆ ఖాళీలోకి ఆన్‌లైన్‌లో కొంటే అట్టపెట్టెలో మడతపెట్టి వచ్చే ప్లాస్టిక్ పూల్ చేరింది. గొయ్యి తవ్వక్కర్లేదు, మేస్త్రీ అక్కర్లేదు. నేల చదును చేసి, గాలి కొట్టో గొట్టాల చట్రం బిగించో, బోరు పైపు వదిలితే సాయంత్రానికి పిల్లలు అందులో ఉంటారు.

మొదటి రోజు అడుగున పడిన చిల్లర కనపడేంత తేటగా ఉన్న నీళ్లు రెండో రోజుకే కాలికి జారుడుగా తగులుతాయి. మూడో నాలుగో రోజుకు లేత ఆకుపచ్చ. వారం తిరక్కుండానే అడుగు కనపడదు. అప్పుడు సలహాలు మొదలవుతాయి. పంచాయతీలో పనిచేసిన పెద్దాయన బ్లీచింగ్ పౌడర్ పోయమంటాడు. అమ్మమ్మ పటిక తిప్పమంటుంది. ఎరువుల కొట్టతను మైలుతుత్తం పొట్లం చేతిలో పెడతాడు. ఇవేవీ పనిచేయకపోతే, లేక పనిచేసేదాకా ఓపిక లేకపోతే, బిరడా పీకి నీళ్లన్నీ వదిలేస్తారు. ఈ నాలుగింట్లో మొదటి మూడింటికీ శాస్త్రం ఉంది. అయినా ఎక్కువ ఇళ్లలో జరిగేది నాలుగోదే. ఎందుకంటే మొదటి మూడూ చేసేవాళ్లు, ముందు అడగాల్సిన ప్రశ్న అడగరు: ఇందులో ఎన్ని లీటర్లున్నాయి?

లెక్క కష్టమైనదేమీ కాదు. పది అడుగుల వెడల్పున్న గుండ్రటి పూల్‌లో రెండడుగుల ఎత్తు నీళ్లు నింపితే 157 ఘనపుటడుగులు, అంటే దాదాపు 4,400 లీటర్లు. ఆ అంకెను పూల్ అంచు మీద మార్కర్‌తో రాసి పెట్టుకోవడం మంచిది. ఇకపై వేసే ప్రతి చెంచా మందూ దాని మీదే ఆధారపడుతుంది. ఇదే అంకె ఇంకో సంగతి కూడా చెబుతుంది. 4,400 లీటర్లంటే 4.4 టన్నుల బరువు, చదరపు మీటరుకు 600 కిలోలు. మనుషులు తిరిగే డాబా మీద చదరపు మీటరుకు 150 కిలోల బరువు పడుతుందన్న లెక్కతో కట్టమని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మేడ మీద గాలి బాగా వస్తుందని పూల్‌ను పైకి చేర్చినవాళ్లకు నాచు గురించి చెప్పేముందు శ్లాబు గురించి చెప్పాలి.

ఇక నాచు. అది ఎవరో తెచ్చి పడేసింది కాదు. క్లోరెల్లా, సీనెడెస్మస్ లాంటి ఏకకణ నాచుల కణాలు గాలిలో, దుమ్ములో, పక్షి కాళ్లకు అంటుకుని, తడి తువ్వాలు మడతల్లో దాగి ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటాయి. నీళ్లలో పడితే వాటికి కావలసినవి వెలుతురు, వెచ్చదనం, తిండి. అనువైన పరిస్థితుల్లో క్లోరెల్లా సంఖ్య ఒక్క రోజులోపే రెట్టింపవుతుంది. ఉదయం కంటికి ఆనని పచ్చదనం మర్నాటి సాయంత్రానికి కొట్టొచ్చినట్టు కనపడడం వెనక ఉన్నది ఈ రెట్టింపే. ఖమ్మం ఎండలో వెలుతురుకు కొరత లేదు. రెండడుగుల లోతు నీటిలో చీకటి అనేదే ఉండదు. నీలం ప్లాస్టిక్ పూల్‌లో మధ్యాహ్నానికి నీళ్లు ముప్ఫై డిగ్రీలు దాటి వెచ్చబడతాయి.

తిండి ఎక్కడిదన్నదే ఆసక్తికరమైన ప్రశ్న. సగం తిండి నీళ్లతోపాటే వస్తుంది. మిర్చి, పత్తి, వరి సాగయ్యే నేలలివి. యూరియా, డీఏపీ బస్తాలు కుమ్మరించే నేలలు. పైరు తినగా మిగిలిన నత్రజని వానతో భూమిలోకి ఇంకి నైట్రేట్‌గా భూగర్భ జలాన్ని చేరుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. తెలంగాణలో చాలాచోట్ల బోర్లు ఆ గీత దాటాయని కేంద్ర భూగర్భ జల మండలి నివేదికలు చెబుతూనే ఉన్నాయి. పొలం పక్క బోరుతో నింపిన పూల్ అంటే, నాచు దృష్టిలో, ఎరువు కలిపిన మడి. గ్రామాల్లో నీటి పరీక్షకు ఇచ్చే ఫీల్డ్ టెస్ట్ కిట్‌లో నైట్రేట్, ఇనుము, కాఠిన్యం, పీహెచ్ చూసే మందులుంటాయి. మహిళా సంఘాల సభ్యులకు వాటిలో శిక్షణ కూడా ఉంది. పూల్ నింపేముందు ఒక్కసారి ఆ పరీక్ష చేయించుకుంటే తర్వాతి తలనొప్పి సగం అర్థమైపోతుంది. ఇనుము ఎక్కువున్న నీటిలో క్లోరిన్ పడగానే రంగు తుప్పు గోధుమకు, ఒక్కోసారి పచ్చకు తిరుగుతుంది. అది నాచు కాదు. ఎంత మందు పోసినా పోయేదీ కాదు.

మిగతా సగం తిండి మనం, మన పరిసరాలు ఇచ్చేది. పాల్వంచ దాటి అడవి అంచున ఉన్న ఇళ్లకు మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు రాలే కాలం, వేప పూత రాలే కాలం, టేకాకు ఎండి ఎగిరే కాలం. ఎర్రమట్టి దుమ్ము సరేసరి. కోతులు వచ్చి ఈదిపోయే ఊళ్లూ ఉన్నాయి. పిల్లల తలకు పట్టించిన కొబ్బరి నూనె, ఒంటికి రాసిన సున్నిపిండి, చెమట, ఒప్పుకోరు కానీ మూత్రం: ఇవన్నీ నీటిలో నత్రజనిని, ఫాస్ఫరస్‌ను పెంచుతాయి. అంతకంటే ముఖ్యంగా, నాచు కోసం వేసిన క్లోరిన్‌ను ఇవే ముందు తినేస్తాయి. పూల్‌లోకి దిగేముందు బోరు పైపు కింద తల, కాళ్లు కడుక్కోవాలన్న నియమం పెట్టడానికి పైసా ఖర్చు లేదు. దీన్ని అమలు చేసే ఇళ్లు మాత్రం తక్కువ.

ఇక్కడి మనుషులకు నాచుతో పోరు కొత్తదేమీ కాదు. పశువుల పాకలో సిమెంటు గాబు ఉన్న ప్రతి ఇంటికీ దాని పరిచయం ఉంది. గాబు పాకుడు పడితే నీళ్లు ఒలకబోసి, కొబ్బరి పీచుతో రుద్ది, లోపల సున్నం పూసి ఆరబెట్టేవాళ్లు. సున్నం నీటి పీహెచ్‌ను పదకొండు దాటిస్తుంది. అంత క్షారంలో పాకుడు బతకదు. వెలుతురును అడ్డుకోవడం అన్న రెండో ఉపాయం ఇళ్ల మీదే కనపడుతుంది. గుజరాత్‌లోని కలోల్‌లో సింటెక్స్ సంస్థ 1975లో ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు తెచ్చినప్పుడు దాన్ని నల్లగా చేసింది. నలుపు సూర్యకాంతిని లోపలికి పోనివ్వదు. వెలుతురు లేనిచోట నాచు లేదు. పలచటి తెల్ల ట్యాంకు కొన్నవాళ్లు రెండేళ్లకు లోపల చెయ్యిపెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పూల్‌కు సున్నం పూయలేం, నల్లరంగు వేయలేం. కానీ పైన కప్పు వేయగలం. పిల్లలు లేనప్పుడు మందపాటి ముదురు రంగు టార్పాలిన్ కప్పి ఉంచడం, మధ్యాహ్నపు ఎండకు గ్రీన్ షేడ్ నెట్ కట్టడం నాచు ఊపును సగానికి తగ్గించే పనులు. అంగట్లో దొరికే ఏ సీసా కన్నా ఇవే ముందు చేయాల్సినవి.

అడవి పల్లెల్లో మరో పాత వస్తువుంది: చిల్లగింజ. బురద నీటి కుండ లోపలి గోడకు ఈ గింజను అరగదీసి కాసేపు వదిలేస్తే మట్టి అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. మునగ గింజల పొడి కూడా ఇదే పని చేస్తుంది. ఇవి నీటిలో తేలే సూక్ష్మ రేణువులను ఒకదానికొకటి అతికించి బరువెక్కిస్తాయి. పటిక చేసేదీ అదే. అయితే రేణువులను దించడం వేరు, నాచును చంపడం వేరు. బతికున్న నాచు మీద పటిక తిప్పితే సగం దిగుతుంది, మిగిలిన సగం రెండు రోజుల్లో మళ్లీ నిండుతుంది. ఈ తేడా తెలియకనే అమ్మమ్మ సలహా ఓడిపోయినట్టు కనపడుతుంది. ఆమె చెప్పింది సరైనదే. రెండో మెట్టులో చేయాల్సింది మొదటి మెట్టులో చేశారంతే.

మొదటి మెట్టు క్లోరిన్. మన ఊళ్లలో దాని రూపం బ్లీచింగ్ పౌడర్. కొత్త బస్తాలో మూడో వంతు దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. మూత తెరిచి వేసవి గదిలో వదిలేస్తే వారం వారం బలం తగ్గుతుంది. ఘాటు వాసన రాని పొడిలో మిగిలింది దాదాపు సున్నమే. ఎంత వేయాలన్నది చాలామంది బావి లెక్కతో ఊహిస్తారు. ఊరి బావిలో క్లోరినేషన్‌కు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి చాలని ప్రజారోగ్య పాఠాలు చెబుతాయి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగాక, 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటాక, వరద తగ్గిన ఇళ్లలో బావుల, సంపుల శుద్ధికి ఇలాంటి లెక్కే మొదటి ఆసరా. కానీ అది తాగునీటి లెక్క. పచ్చబడ్డ పూల్‌ను తిరగ్గొట్టాలంటే లీటరుకు పది మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. అంటే వెయ్యి లీటర్లకు ముప్ఫై గ్రాముల పొడి, బావి మోతాదుకు పన్నెండు రెట్లు. మన 4,400 లీటర్ల పూల్‌కు 130 గ్రాములు. పొడి పాతదైతే 180. పూల్ వాళ్ల భాషలో దీని పేరు షాక్.

రోజువారీ నిలకడకు లీటరుకు రెండు మిల్లీగ్రాములు చాలు. ఇదే పూల్‌కు పాతిక, ముప్ఫై గ్రాముల పొడి. చెంచా లెక్క పెట్టుకునేకన్నా వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒకసారి తూచుకోవడం నయం. ఈ రెండు మోతాదుల మధ్య తేడా తెలియనివాళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. నాచు కనపడ్డాక రోజూ కొద్దికొద్దిగా వేస్తారు. అది నాచుకు ఇబ్బందే తప్ప చావు కాదు. లేదా తేటగా ఉన్న రోజున కూడా దోసిళ్లతో పోస్తారు. అప్పుడు పిల్లల కళ్లు మండుతాయి.

పొడిని నేరుగా చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, తర్వాత పొడి వేసి, కర్రతో కలిపి అరగంట ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరుకున్న తేటను మాత్రమే పూల్‌లో పోయాలి. అడుగు ముద్ద పూల్‌లో పడితే నీలం ప్లాస్టిక్ మీద తెల్ల మచ్చలు పడతాయి, నీళ్లు రోజంతా పాల రంగులో ఉంటాయి.

ఇంత చేసినా పచ్చదనం పోలేదంటే అనుమానించాల్సింది పీహెచ్‌ను. నీటిలో పడ్డ క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. అందులో చంపే శక్తి ఎక్కువున్నది హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర సగం క్లోరిన్ ఆ రూపంలో ఉంటుంది. 8కి చేరితే నాలుగో వంతు, 8.5 దగ్గర పదో వంతే. బోరు నీళ్లు చాలాచోట్ల క్షారం వైపు మొగ్గి ఉంటాయి. బ్లీచింగ్ పౌడర్‌లోని సున్నం ఇంకొంత పైకి నెడుతుంది. పైగా నాచు కూడా దీనికి సాయం చేస్తుంది. పగటిపూట నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చేసుకుని పీహెచ్‌ను తొమ్మిది దాటించగలదు. అంటే నీళ్లు ఎంత పచ్చగా ఉంటే క్లోరిన్ అంత బలహీనం. పీహెచ్‌ను 7.2, 7.6 మధ్యకు తెచ్చాకే షాక్ ఇవ్వాలని పూల్ నిర్వాహకులు పట్టుబట్టేది ఇందుకే. అయితే పీహెచ్ దించడానికి బాత్రూం కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ బకెట్‌లోనే పోసే పని మాత్రం ఎవరూ చేయకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ఊపిరి తీసిన వాయువు అదే. పీహెచ్ దించే పొడి పూల్ సామాన్ల దగ్గర విడిగా దొరుకుతుంది. దాన్ని ఒక పూట, క్లోరిన్‌ను మరో పూట వేయాలి.

ఆ క్లోరిన్ పూట సాయంత్రమే అయి ఉండాలి. రక్షణ లేని క్లోరిన్‌ను సూర్యకాంతి విడగొడుతుంది. నడినెత్తి ఎండలో రెండు గంటల్లో చాలా భాగం మాయమవుతుంది. ఉదయం పది గంటలకు పొడి కలిపి, మధ్యాహ్నం పిల్లల్ని దింపి, రాత్రికి నీళ్లు జారుడుగా ఉన్నాయని ఆశ్చర్యపోయే ఇళ్లు చాలా. పొద్దుగూకాక వేసి, రాత్రంతా పంపు తిప్పి, ఉదయం పరీక్ష చేస్తే అదే మోతాదు వేరే ఫలితమిస్తుంది.

పరీక్ష అంటే వాసన చూడడం కాదు. ‘క్లోరిన్ వాసన’గా జనం గుర్తుపట్టే ఘాటు నిజానికి చెమట, మూత్రంతో కలిసిపోయి పని అయిపోయిన క్లోరిన్‌ది. వాసన ఎక్కువగా ఉందంటే క్లోరిన్ ఎక్కువైందని కాదు, చాలలేదని. పంచాయతీ సిబ్బంది వాడే క్లోరోస్కోప్‌లో చుక్క వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ పద్ధతి చాలా కిట్లలో పనిచేసే క్లోరిన్‌ను, పని అయిపోయినదాన్ని కలిపే చూపిస్తుంది. గులాబీ రంగు చూపించే డీపీడీ గోళీలు మిగిలిన బలం ఎంతో విడిగా చెబుతాయి. ఈ గోళీల డబ్బా కొనడం, ఏ నాచు మందు కొనడం కన్నా ముందు చేయాల్సిన ఖర్చు.

పరీక్ష లేకుండా మందు మీద మందు పోస్తే ఏమవుతుందో 2016లో ప్రపంచమంతా టీవీలో చూసింది. రియో ఒలింపిక్స్‌లో మరియా లెంక్ ఈత కేంద్రంలో డైవింగ్ పూల్ ఆగస్టు 9న ఉన్నట్టుండి పచ్చబడింది. పక్క పూల్ కూడా అదే దారి పట్టింది. వేడి, గాలి లేకపోవడం, నాచు అని నిర్వాహకులు మొదట సర్దిచెప్పారు. చివరికి తేలిందేమంటే, ఆగస్టు 5న ఒక కాంట్రాక్టరు 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాడు. అది క్లోరిన్‌ను చెల్లాచెదురు చేసింది. మీటరేమో క్లోరిన్ ఉందనే చూపించింది, నాచుకు దారి దొరికింది. ఆఖరికి ఒక పూల్ నీళ్లన్నీ తోడేసి, లక్షల లీటర్లు మళ్లీ నింపాల్సి వచ్చింది. ఒలింపిక్స్ కమిటీకే తప్పనిది పెరట్లో పూల్ పెట్టుకున్నవాళ్లకు తప్పుతుందని ఎవరూ అనుకోరు గానీ, రెండు శుద్ధి మందులు ఒకదాన్నొకటి చంపుకోగలవన్న సంగతి బ్లీచింగ్, పెరాక్సైడ్ రెండూ ఇంట్లో పెట్టుకున్నవాళ్లు గుర్తుంచుకోవాలి.

మైలుతుత్తం కథ ఇంకా పాతది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన జార్జి మూర్, కార్ల్ కెలర్‌మన్ 1904లో నీటి నిల్వల్లో నాచును అతి తక్కువ రాగితో అదుపు చేయవచ్చని చూపించారు. అప్పటి నుంచి ప్రపంచంలో లెక్కలేనన్ని జలాశయాల్లో మైలుతుత్తం పడింది. పనిచేస్తుందన్నది నిజం. కానీ కాఠిన్యం, క్షారం ఎక్కువున్న నీటిలో రాగి త్వరగా అవక్షేపంగా దిగిపోయి బలం కోల్పోతుంది. మన బోరు నీళ్లు తరచూ ఆ రకమే. పనిచేయలేదని ఇంకాస్త వేస్తే ప్లాస్టిక్ మీద నీలం, ఆకుపచ్చ మరకలు పడతాయి. పూల్‌లో ఈదినవాళ్ల తెల్లజుట్టు పచ్చబడితే ఆ నింద క్లోరిన్ మీద వేస్తారు. దోషి నిజానికి రాగి. ఎరువుల కొట్లో మిర్చి తెగుళ్లకు అమ్మే కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను, కలుపు మందును ‘అదే కదా’ అని పూల్‌లో కలపడం ఇంకో మెట్టు కింద. పైరు మీద కొట్టే మందును, అందులో రాగితోపాటు ఉండేవాటిని, పిల్లల చర్మానికి సంబంధించిన లెక్కతో తయారుచేయరు.

రాగి గురించి జాగ్రత్తపడడానికి పెద్ద కారణం 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో జరిగింది. అక్కడి సోలమన్ డ్యామ్‌లో పెరిగిన నాచును చంపడానికి కాపర్ సల్ఫేట్ వేశారు. తర్వాత 148 మంది తీవ్రంగా జబ్బుపడ్డారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. నీలి ఆకుపచ్చ నాచు అనే సయనోబాక్టీరియా కణాలు పగిలి, వాటిలోని విషం ఒక్కసారిగా నీటిలోకి వదులైంది. రోజూ క్లోరిన్ ఉన్న చిన్న పూల్‌లో ఇలాంటి ప్రమాదం తక్కువ. నెలల తరబడి వదిలేసిన సంపు, గోలెం, పశువులు తాగే కుంటల్లో మాత్రం నీటిపై పెయింటు ఒలికినట్టు పేరుకున్న తెట్టు కనపడితే, మందు వేసి వెంటనే వాడుకోవడం కన్నా ఆ నీటిని వాడకపోవడమే తెలివి.

పూల్‌లో కనపడే రకాలు మొత్తం మీద మూడు. నీళ్లంతటినీ పచ్చగా చేసేది క్లోరిన్‌కు సులువుగా లొంగుతుంది. నీడ పడే గోడ మీద పసుపు దుమ్ములా అంటేది మొండిది. తువ్వాళ్లు, బొమ్మలు, పైపులు కూడా క్లోరిన్ నీళ్లలో ముంచకపోతే తిరిగొస్తుంది. నల్ల చుక్కలుగా పాతుకునేది సిమెంటు పూల్‌ను ఇష్టపడుతుంది. ప్లాస్టిక్ పూల్ వాళ్లకు దాని భయం తక్కువ.

ఏ రకమైనా ముందు బ్రష్ పడాలి. గోడకు అంటిన నాచు మీద జిగురు పొర ఉంటుంది. రుద్ది ఆ పొర చెదరగొడితేనే క్లోరిన్ లోపలి కణాన్ని తాకుతుంది. పచ్చదనం బూడిద రంగుకు, తర్వాత మబ్బు తెలుపుకు మారిందంటే నాచు చచ్చిందని అర్థం. కొత్తవాళ్లు గెలిచామనుకుని ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. చచ్చిన నాచు నీటిలోనే ఉంటే అది కుళ్లి నత్రజని, ఫాస్ఫరస్ తిరిగి వదులుతుంది. తర్వాతి తరానికి తిండి సిద్ధం. పటిక, చిల్లగింజ పనికొచ్చే సమయం ఇదే: రాత్రి పటిక నీళ్లు కలిపి, పంపు ఆపి, తెల్లారి అడుగున దిగిన మడ్డిని సన్న పైపుతో సైఫన్ పట్టి బయటికి లాగేయాలి. పది అడుగుల పూల్‌తోపాటు వచ్చే చిన్న కార్ట్రిడ్జి పంపు గంటకు 1,250 లీటర్లు తిప్పుతుంది. అంటే మొత్తం నీళ్లు ఒకసారి వడపోతకు మూడున్నర గంటలు. రోజుకు గంట తిప్పి చాలించే ఇంట్లో మూడు వంతుల నీటికి ఆ రోజు వడపోత లేదు. నాచు పట్టిన వారంలో కార్ట్రిడ్జిని రోజూ రెండు సార్లు కడగాల్సి వస్తుంది.

క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే మందు కూడా ఉంది. సయన్యూరిక్ ఆమ్లం, వాడుకలో స్టెబిలైజర్. లీటరుకు 30 నుంచి 50 మిల్లీగ్రాములుంటే ఎండకు క్లోరిన్ నిలబడుతుంది. తేలే డబ్బాలో వేసే ట్రైక్లోర్ బిళ్లల్లో ఇది కలిసే ఉంటుంది. అదే సౌకర్యం, అదే చిక్కు. బిళ్లలు లీటరుకు పది మిల్లీగ్రాముల క్లోరిన్ ఇచ్చినప్పుడల్లా ఆరు మిల్లీగ్రాముల స్టెబిలైజర్ కలుస్తుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, స్టెబిలైజర్ పోదు. రోజుకు లీటరుకు రెండు మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున వేస్తే స్టెబిలైజర్ రెండు నెలల్లో 70 దాటుతుంది. అప్పుడు మీటరు మీద క్లోరిన్ ఉన్నా అది కట్టేసిన కుక్కలాంటిది. డాలస్, అట్లాంటా శివార్లలో పెరటి పూల్ ఉన్న తెలుగు కుటుంబాలకు ఆగస్టులో ఎదురయ్యే ‘క్లోరిన్ ఉన్నా నాచు’ సమస్యకు తరచూ కారణం ఇదే. మందు కొంత నీటితోపాటు బయటికి పోతేనే తగ్గుతుంది. రెండు, మూడు నెలల వేసవి మాత్రమే నడిచే ఖమ్మం పూల్‌కు కూడా సీజన్ చివరికి ఆ అవస్థ రావచ్చు. కాబట్టి ఇక్కడ మధ్యే మార్గం: మొదట ఒక్కసారి స్టెబిలైజర్, తర్వాత రోజూ బ్లీచింగ్ తేట.

బిళ్లలను, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకే డబ్బాలో పెట్టడం, తడి చెంచా ముంచడం ఎంత ప్రమాదమో అట్లాంటా వాళ్లు కళ్లారా చూశారు. 2024 సెప్టెంబరు 29న జార్జియాలోని కానియర్స్‌లో బయోల్యాబ్ గిడ్డంగిలో స్ప్రింక్లర్ చెడిపోయి నిల్వ ఉన్న పూల్ రసాయనాలు తడిశాయి. నిప్పు అంటుకుని క్లోరిన్ మేఘం లేచింది. 17,000 మందిని ఖాళీ చేయించారు. దాదాపు 90,000 మందిని తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉండమన్నారు. ఇంట్లో రెండు కిలోల డబ్బా గిడ్డంగి కాదు, అయినా అది స్టోర్‌రూంలో పెట్రోలు సీసా పక్కన ఉండకూడదు.

ఇప్పుడు బిరడా పీకే సంగతి. నీళ్లు వదిలి మళ్లీ నింపడం పైసా ఖర్చు లేని పనిగా కనపడుతుంది. మిషన్ భగీరథ లెక్క ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, ఖమ్మం లాంటి కార్పొరేషన్‌లో 150. ఒక పూల్ నీళ్లు పారబోస్తే 44 మంది పల్లె జనం ఒక రోజు వాటా పోయినట్టు. వారానికోసారి మార్చే ఇల్లు పది వారాల వేసవిలో 44,000 లీటర్లు ఒలకబోస్తుంది. అదీ బోర్లు ఆగి ఆగి పోసే కాలంలో. రోజుకు ముప్ఫై గ్రాముల పొడి, ఒక టార్పాలిన్, ఒక బ్రష్‌తో అదే నీళ్లు సీజన్ అంతా నిలుస్తాయి. క్లోరిన్ వద్దు, ‘సహజంగా’ ఉంచుతామనేవాళ్లు ఈ అంకె ముందు కొంచెం ఆగాలి. శుద్ధి లేని నీళ్లు ఆరోగ్యం కాదు, వృథా కూడా.

ఆరోగ్యం మాటకొస్తే, పచ్చ రంగు కన్నా దానితోపాటు వచ్చేవే భయపెట్టేవి. కేరళలో 2024, 2025లలో మెదడు తినే అమీబా కేసులు వరుసగా బయటపడ్డాయి. వెచ్చని మంచినీటిలో బతికే ఈ జీవి ముక్కులోంచి మెదడుకు చేరుతుంది. శుద్ధి లేని కొలనులు, ట్యాంకులు దానికి చోటిస్తాయి. సరిపడా క్లోరిన్ దాన్ని చంపుతుంది. చర్ల, దుమ్ముగూడెం మన్యంలో మలేరియా బాగా తెలిసిన శత్రువు. ఆ దోమ పిల్లలకు నాచు తిండి, నాచు పీచు దాపు. జూన్ వానలకు ఆట మానేసి పూల్‌ను అలాగే వదిలేసిన ఇంట్లో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పది రోజులు చాలు. వైద్య శాఖ నిలవ నీటిలో వదిలే గంబూసియా చేపలు గుంటలకు మందు, పూల్‌కు కాదు. క్లోరిన్ తగిలితే ముందు అవే చస్తాయి.

పచ్చని నీళ్లంటే అందరికీ చేదు కాదు. పాలేరులో మత్స్య పరిశోధనా కేంద్రం ఉంది, వైరా, పాలేరు జలాశయాల మీద వేల మత్స్యకార కుటుంబాల బతుకు ఉంది. బొచ్చె, రవ్వ పెంచే చెరువులో లేత ఆకుపచ్చ కోరుకునే రంగు. పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి మరీ తెప్పిస్తారు. నలుపు, తెలుపు పళ్లెం నీళ్లలో దింపి, ముప్ఫై సెంటీమీటర్ల దగ్గర అది కనుమరుగైతే తిండి సరిపోయిందంటారు. అంతకంటే ముందే మాయమైతే రాత్రి నాచే ప్రాణవాయువు పీల్చేసి తెల్లారేసరికి చేపలు నీటి పైకి వచ్చి గుటకలు వేస్తాయి.

అందుకే సీజన్ చివర పూల్ నీళ్లు ఎక్కడ పోయాలన్నది చిన్న ప్రశ్న కాదు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము క్లోరిన్ కూడా చేపకు విషం. చెరువు కాలువలోకి వదలకూడదు. మందు వేయడం ఆపి, కప్పు తీసి ఎండకు రెండు మూడు రోజులు ఉంచాలి. డీపీడీ గోళీ గులాబీ రంగు చూపించడం మానేశాక మామిడి, కొబ్బరి పాదులకు పెట్టవచ్చు. రాగి వేసిన నీళ్లయితే పాదులకూ వద్దు. తర్వాత ప్లాస్టిక్‌ను కడిగి, నీడలో రెండు వైపులా పూర్తిగా ఆరబెట్టి, ఎలుకలు చేరని అటక మీద పెట్టాలి. మడతలో తడి మిగిలితే వచ్చే ఏప్రిల్‌లో విప్పేసరికి కనపడే నల్ల మచ్చలు నాచు కాదు, బూజు. వాటికి క్లోరిన్ తేటలో ముంచిన గుడ్డ చాలు.